ఆడవాళ్ల సొంత కథలతోనే చదువు నేర్పడం: ఎవరైనా చేసి చూశారా?

పాకాల_జంక్షన్

అందరికీ నమస్కారం. మా అత్తగారి ఊరు పాకాల దగ్గర ఒక పల్లె. సంక్రాంతి అయినప్పటి నుంచి మా పొదుపు గ్రూపు ఆడవాళ్లకు రాత్రిపూట భజనగుడి అరుగు మీద చదువు చెబుతున్నాను. నన్ను ఎవరూ నియమించలేదు, జీతమూ లేదు. బ్యాంకులో వేలిముద్ర వేయాలంటే నామోషీగా ఉందని వాళ్లే వచ్చి అడిగారు. అందరూ 35 దాటినవాళ్లే, ఇద్దరికి 60 ఉంటాయి.

వాచకంతో మొదలుపెట్టాను. అచ్చులు పూర్తయ్యేసరికి సగం మంది రావడం మానేశారు. మిగిలినవాళ్లు ఆవులిస్తూ దిద్దుతారు. విచిత్రం ఏమిటంటే, పుస్తకం తెరవకముందు అదే అరుగు మీద ఎన్ని మాటలో! దామలచెరువు మామిడి తోటల్లో కాయ కోతకు పోయిన సంగతులు, చంకలో బిడ్డను పెట్టుకుని కొండకు నడిచిన సంగతులు. వాచకం తీయగానే అందరూ సైలెంట్.

వాళ్లు చెప్పేదే రాసి దాన్నే పాఠం చేయమని ఒకరు సలహా ఇచ్చారు. నాకు రెండు సందేహాలున్నాయి. ఆమె చెప్పింది నేను రాస్తే, ఆమె జ్ఞాపకం మీద గడగడా అప్పజెప్పేస్తుంది కదా, దాన్ని చదవడం అంటామా? ఇంకోటి, పల్లె మాట ఉన్నదున్నట్టు రాయాలా, పుస్తకంలో ఉండేట్టు మార్చాలా?

రిటైర్డ్_అయ్యవారు

అమ్మా, మీ అరుగు మీద జరుగుతున్నది నేను చాలా ఊళ్లలో చూశాను. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. 90ల మొదట్లో మన జిల్లాలోనూ ఊరూరా రాత్రిబళ్లు నడిపాం. మూడు వాచకాలు, మొత్తం 200 గంటలు అని లెక్క. మొదటి వాచకం జోరుగా సాగేది. రెండోదానికి వచ్చేసరికి చెనక్కాయ పీకుళ్లు, ఆ తర్వాత చెరుకు, బెల్లం పనులు. చాలామందికి చివరకు మిగిలింది సంతకం ఒక్కటే. చదవడానికి ఊళ్లో ఏమీ లేకపోతే నేర్చిన అక్షరం ఎన్నాళ్లుంటుంది?

నీ మొదటి సందేహం సరైనది. కథ చెప్పించి, రాసి, చదివించి చప్పట్లు కొడితే అది నాటకమే అవుతుంది. కత్తెర పట్టుకుంటేనే చదువు మొదలవుతుంది.

ఆమె చెప్పినదాంట్లో ఒక్క వాక్యం తీసుకో. నాలుగైదు మాటలు చాలు. "మా అమ్మ నాకు ఆవును ఇచ్చింది" అనిందనుకో. పాత క్యాలెండర్ వెనక పెద్ద అక్షరాలతో రాయి. ఒక్కో మాట కింద వేలు పెట్టి ఆమెతో చదివించు. ఇంతవరకూ జ్ఞాపకమే. ఇప్పుడు మాటలు విడివిడిగా కత్తిరించి, కలిపేసి ఆమె చేతికివ్వు. మళ్లీ పేర్చమను. ఇక్కడ జ్ఞాపకం ఒక్కటే సరిపోదు, ఏ ముక్క ఏదో కన్నుకు తెలియాలి. 'మా', 'అమ్మ', 'నాకు' చిన్నవి, పొడవును బట్టి కనిపెట్టేస్తుంది కూడా. అందుకని తర్వాత మాటనే కత్తిరించు. 'నాకు' లోంచి 'నా' తీసి, ఇది ఇంకెక్కడుందో నిన్నటి కాగితంలో వెతకమను. ఇలా రెండు మూడు వాక్యాల్లో తిరిగొచ్చిన అక్షరాలను మాత్రమే దిద్దించు. వరుస తప్పిందని దిగులు పడొద్దు, అ నుంచి ఱ దాకా వరుస తర్వాతైనా వస్తుంది.

ఆఖరి మెట్టునే చాలామంది వదిలేస్తారు. ఈమె కథ పక్కామెకు, పక్కామె కథ ఈమెకు ఇవ్వాలి. తాను చెప్పని వాక్యాన్ని చదవగలిగిన రోజే వచ్చిందని లెక్క.

హాస్టల్_గది

సార్ చెప్పిన పద్ధతికి దగ్గరిది ఒకటి మేము క్లాసులో చదువుకున్నాం. నేను తిరుపతి మహిళా యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాను. బ్రెజిల్లో పావ్లో ఫ్రెయిరే అనే ఆయన 1963లో ఆంజికోస్ అనే చిన్న ఊళ్లో దాదాపు 300 మందికి 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పే ప్రయత్నం చేశారు. ముందు ఊళ్లో తిరిగి జనం నోట్లో నలిగే మాటలు ఏరుకున్నారు. ఏ మాట ఎత్తితే వాళ్లు వాదనకు దిగుతారో ఆ మాటే పాఠం. ఇటుక అనే మాట ఒకటి. ఇటుకలు మోసేది మనమే, మనకు ఇల్లెందుకు లేదని మాట్లాడుకుని, ఆ తర్వాత దాన్ని అక్షరాలుగా విడగొట్టి, ఒక్కో అక్షరానికి ఐదు అచ్చులూ చేర్చి పలికేవారు. మరుసటి ఏడాది సైన్యం అధికారం పట్టగానే ఆ కార్యక్రమం ఆపేసి ఆయన్ని జైల్లో పెట్టారు.

అచ్చులు చేర్చే పని మనకు గుణింతంలో ఎప్పటి నుంచో ఉంది. అందుకే తెలుగుకు ఇది ఇంకా బాగా కుదురుతుందని నా నమ్మకం. 'పాలు' తీసుకోండి. ప గుణింతం, ల గుణింతం వచ్చేస్తే వత్తు అవసరం లేకుండా పాప, లాలి, పులి, పిలుపు, పలుపు అన్నీ చదివేయొచ్చు.

రిటైర్డ్_అయ్యవారు

పలుపు బాగుంది, రోజూ చేత్తో పట్టుకునేది. పులి మాత్రం మన పల్లెల్లో కంటే వాచకాల్లోనే ఎక్కువ తిరుగుతుంది.

మామిడి_మండీ

సార్, అలిపిరి నడకదారిలో వచ్చేవాళ్లను అడిగి చూడండి 😀

సరే, ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. వాట్సాప్‌లో వాయిస్ పెడుతుంది, యూట్యూబ్‌లో మైకు నొక్కి కావలసింది అడుగుతుంది. పొద్దంతా పని చేసొచ్చిన మనిషిని రాత్రిపూట కూర్చోబెట్టి కథలు రాయించి ఏం సాధిస్తారు? ఆ టైమేదో పిల్లలకు చెప్పండి.

గ్రూపు_పుస్తకం

అన్నా, మీ అమ్మ అడిగినదానికి మైకు జవాబిస్తుంది. తీర్మానాల పుస్తకంలో ఆమె పేరు కింద ఏం రాశారో మాత్రం మైకు చెప్పదు. నేను పుంగనూరు వైపు సంఘాలకు లెక్కల పుస్తకాలు రాస్తాను. ఒక ఊళ్లో తాను తీసుకోని అప్పుకు ఒకామె రెండేళ్లు కంతులు కట్టింది. తీర్మానంలో ఆమె పేరు ఉంది, పక్కనే ఆమె సంతకం ఉంది. సంతకం నేర్చుకుంది కానీ పైన రాసింది చదవడం నేర్చుకోలేదు. సంతకం మాత్రమే వచ్చినవాళ్ల మీద నాకు వేలిముద్రవాళ్ల కంటే ఎక్కువ భయం. వేలిముద్ర వేసే మనిషి ఎవరినైనా అడిగి వేస్తుంది. సంతకం వచ్చినామె అడగడానికి సిగ్గుపడుతుంది.

పాల కేంద్రం చీటీ ఉంది. లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాక మిగిలిన ఘనపదార్థం), రేటు, అన్నీ అందులోనే ఉంటాయి. వేలూరు ఆస్పత్రికి పోతే మందుల చీటీ ఉంటుంది. ఫోన్‌కు వచ్చే బ్యాంకు మెసేజ్ ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల అక్షరాస్యత 59 శాతం, మగవాళ్లది 75కు దగ్గర. అది కూడా ఇంటికి వచ్చిన మనిషికి నోటితో చెప్పిన లెక్కే.

మామిడి_మండీ

తీర్మానం సంగతి ఒప్పుకుంటాను. కథల సంగతి ఇంకా ఒప్పుకోలేదు.

కుప్పం_కోడలు

నేను అట్ల చదువుకున్నదాన్నే. కుప్పం పక్కన మా ఊరు. ముగ్గురు పిల్లలు పుట్టినాక నేర్చుకున్నా. మా పాప తప్పులు దిద్దింది, మాటలు నావి.

ముందు ఒకామె వచ్చి అ ఆ లు దిద్దించింది. నాకు ఎక్కలేదు. తర్వాత ఒక సంస్థ తరపున ఇంకొకామె వచ్చి మీ కతలు చెప్పండి అనింది. అందరం ఏడుపు కతలే చెప్పినాం. ఎందుకంటే ఆమె అడిగిందే అట్ల, మీ కష్టాలు చెప్పండి అని. మాలో ఒకామె మొగుడు తాగొచ్చి కొట్టేది చెప్పింది. దాన్ని చార్టు మీద రాసి గోడకు అంటించినారు. మర్నాడు ఆమె రాలేదు. ఆమె మొగుడు వచ్చి ఆ గోడ ముందర నిలబడినాడు. వానికి చదువు వచ్చు.

అది చూసినాక నేను కష్టం చెప్పలేదు. ఆవు కొనిన కత చెప్పినా. సంతలో దళారీ తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం చేసేది, నేను ఆవు పండ్లు చూసేది, పొదుగు చూసేది, ఆడమనిషికి ఏం తెలుసని వాడు నవ్వేది, ఆఖరికి నేను చెప్పిన రేటుకే వాడు దిగొచ్చేది. రోజుకు కొంచెం చెప్పినా. నేను ఏ మాట అంటే ఆ మాటే రాసింది. నా కత కాబట్టి తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు. ముందు తెలిసుంటే కండ్లు అక్షరాన్ని వెతుక్కుంటా పోతాయి. బేరం చెప్పేటప్పుడు నాకు నోరు ఆగేది కాదు, అందుకే ఎక్కువ మాటలు నేర్చుకున్నది ఆడనే. దళారీ అనే మాట నాకు అమ్మ అనే మాట కంటే ముందు వచ్చింది.

హాస్టల్_గది

అక్కా, మీ పోస్టు మా క్లాసులో చదివి వినిపించాలని ఉంది. మీరు సరేనంటేనే.

కుప్పం_కోడలు

ఆవు కత చదువుకో. ఆ గోడ సంగతి వద్దు.

పాకాల_జంక్షన్

మరి వాళ్లను ఏమని అడగాలి అక్కా? "ఏదైనా చెప్పండి" అంటే మొహమొహాలు చూసుకుంటారు.

కుప్పం_కోడలు

ఏం కొన్నావు అని అడుగు. యాడికి పోయినావు, ఎవరితో కొట్లాడి గెలిచినావు, నీకు తెలిసి ఊర్లో ఇంకెవరికీ తెలియని పని ఏముంది అని అడుగు. ఏడుపు వస్తే ఆమె ఏడుస్తుంది, నువ్వు అడిగి ఏడిపించొద్దు.

హాస్టల్_గది

ఇక్కడ మాత్రం ఒక మాట అడ్డు చెప్తాను అక్కా. కష్టం చెప్పుకోవద్దంటే మన పక్క జిల్లాలో దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం వచ్చేదా? అక్కడ మొదలైంది రాత్రిబడిలోనే కదా.

రిటైర్డ్_అయ్యవారు

ఆ రోజులు నాకు బాగా గుర్తు. నెల్లూరు జిల్లా రాత్రిబళ్ల వాచకంలో సారా వల్ల సంసారం నాశనమైన ఒకామె గురించి 'సీతమ్మ కథ' అని పాఠం ఉండేది. అది చదివి ఆడవాళ్లు మన ఊరి కథే కదా ఇది అన్నారు. దూబగుంటలో సారా అంగడి మూయించారు. 1992 నాటికి ఊళ్లకు ఊళ్లు కదిలాయి. వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించక తప్పలేదు.

అయితే ఒకటి గమనించమ్మా. సీతమ్మ ఆ ఊరి మనిషి కాదు. ఆ పేరు వెనక ఎవరూ దాక్కోవలసిన పని లేదు, ఎవరూ బయటపడాల్సిన పనీ లేదు. అందుకే అందరూ నోరు విప్పి మాట్లాడగలిగారు. కుప్పం అక్క చెప్పిన చార్టు మీద ఒకే ఒక్క ఇంటి సంగతి, ఆ ఇంటి మనిషి నోటితోనే ఉంది. ఇద్దరూ చెబుతున్నది ఒకే దిక్కుకు పోతోంది. బాధ పాఠం కావచ్చు, కానీ అది వేరే పేరుతో, ముగ్గురు నలుగురి సంగతులు కలిపి కట్టినదై ఉండాలి. సొంత పేరుతో రాసేది మాత్రం ఆమె నలుగురిలో చదివి వినిపించడానికి ఇష్టపడేదే ఉండాలి. కాగితం ఎవరిది అన్నది మొదటి రోజే తేల్చుకోండి. ఆమెదే, ఇంటికి ఆమే తీసుకుపోతుంది. ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టడం అసలు వద్దు.

కళ్లజోడు

ఆలస్యంగా చూశాను. నేను తిరుపతిలో కంటి పరీక్షలు చేస్తుంటాను. పాకాల అమ్మాయీ, సగం మంది మానేశారు అన్నావే, వాళ్ల వయసు చూశావా? నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం అందరికీ వచ్చేదే. చదువుకున్నవాళ్లు పేపరు దూరంగా పెట్టి, పరిస్థితి గుర్తించి, షాపుకు పోతారు. ఎన్నడూ చదవని మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? సూదిలో దారం మనవరాలు ఎక్కిస్తుంది, బియ్యంలో రాళ్లు కోడలు ఏరుతుంది. అక్షరం ముందు కూర్చున్నప్పుడు మాత్రం మసకగా కనిపించి, తలనొప్పి వచ్చి, నా బుర్రకు చదువు ఎక్కదులే అనుకుంటుంది.

అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలు ఇస్తే ఆకు కోత 20 శాతం పైగా పెరిగిందని 2018లో ఒక అధ్యయనం వచ్చింది. అది ఆకు. అక్షరం అంతకంటే చిన్నది.

సూది, దారం ఇచ్చి ఎక్కించమను, అదే నీకు మొదటి పరీక్ష. ఎక్కించలేనివాళ్లను కంటి పరీక్షకు పంపు. మామూలు దగ్గరి చూపు అద్దాలు ఖరీదైనవేం కావు. శుక్లం ఉంటే అది వేరే సంగతి, ఆపరేషన్ ఉచితంగా చేసే ఆస్పత్రులున్నాయి. అరుగు మీద లైటు వాళ్ల వెనక నుంచి పడుతుందా, ఎదురుగానా అన్నది కూడా చూడు. ఎదురుగా ఉంటే వెలుతురు కాగితం మీద కంటే కళ్లలోకే ఎక్కువ పడుతుంది.

పాకాల_జంక్షన్

లైటు ఎదురుగానే ఉంది సార్! రేపే మార్పిస్తాను. ఇన్ని రోజులు నేను పాఠం గురించే ఆలోచిస్తున్నాను, కళ్ల సంగతి తట్టనే లేదు.

నా రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. మా ఊళ్లో "వచ్చినాడు", "చేసినాం", "కయ్యలో నీళ్లు పారగట్టినా" అంటారు. అట్లే రాయాలా?

రిటైర్డ్_అయ్యవారు

నేనైతే పుస్తక భాషే రాయిస్తాను. రేపు ఆమె అర్జీ రాస్తే మండలాఫీసులో నవ్వుతారు.

చెనక్కాయ_చేను

అయ్యవారూ, గౌరవంతోనే అంటున్నా, ఇక్కడ మీతో ఏకీభవించలేను. నేను తిరుపతిలో ఒక ప్రెస్‌లో ప్రూఫులు దిద్దుతాను, వాడుక మాటలు దిద్దీ దిద్దీ విసిగిపోయినవాణ్ని. కుప్పం అక్క ఏమన్నారు? తర్వాత ఏం వస్తుందో ముందే తెలుసు కాబట్టి కండ్లు వెతుక్కుంటాయి అన్నారు. ఆమె "పారగట్టినా" అంటే మీరు "పారించాను" అని రాస్తే ఆ కండ్లు దేన్ని వెతుక్కోవాలి? మొదటి కాగితం ఆమె మాటలోనే ఉండాలి. చదవడం కుదిరాక అదే కథను పక్కన పేపరు భాషలో రాసి ఇవ్వండి. రెండూ పెట్టుకుని తేడాలు ఆమే పట్టేస్తుంది. "వచ్చినాడు" తెలిసినామెకు "వచ్చాడు" పట్టుకోవడం కష్టం కాదు. అర్జీ అప్పుడు రాయొచ్చు.

ఇది మన దగ్గర జరిగిన పనే. 2001లో మన జిల్లా పొదుపు సంఘాల ఆడవాళ్లే విలేకరులుగా వెలుగు ప్రాజెక్టు అండతో 'నవోదయం' అని పత్రిక మొదలైంది. పెద్దగా చదువుకోనివాళ్లు ఊళ్లు తిరిగి వార్తలు రాశారు. మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్‌లో చిత్రకూట్ దగ్గర పల్లె ఆడవాళ్లు 'ఖబర్ లహరియా' పెట్టారు. అది వచ్చింది బుందేలీలో, బడి హిందీలో కాదు. తమ మాటలో అచ్చు చూసుకుంటేనే చదవాలనిపిస్తుంది. అయ్యవారే మొదట అన్నారు కదా, చదవడానికి ఊళ్లో ఏమీ లేకపోతే అక్షరం నిలవదని.

రిటైర్డ్_అయ్యవారు

రెండు కాగితాల పద్ధతి ఒప్పుకుంటాను. అయితే రెండోది నిజంగా ఇవ్వాలి. మొదటిదానితోనే ఆపేస్తే ఆమె పేపరు చదవలేదు, పాస్‌బుక్కు వెనక షరతులూ చదవలేదు.

మామిడి_మండీ

మా అమ్మను రాత్రి అడిగాను, ఏం కొన్నావు అని, కుప్పం అక్క చెప్పినట్టే. నాన్నకు తెలియకుండా చెనక్కాయలు అమ్మి కమ్మలు కొన్న సంగతి చెప్పింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదంట. ఇది రాయించాలో వద్దో మీరే చెప్పండి, నాన్నకు చదువు వచ్చు.

కుప్పం_కోడలు

కమ్మలు ఇంకా ఉంటే రాయొద్దు.

పాకాల_జంక్షన్

😀 ఇంకొక్క ప్రశ్న అడిగి మిమ్మల్ని వదిలేస్తాను. కేంద్రం వాళ్ల వయోజన విద్యా పథకం ఉల్లాస్ కింద 15 ఏళ్లు దాటినవాళ్లకు పరీక్ష పెడతారు కదా, మావాళ్లలో నలుగురు రాస్తామంటున్నారు. కథలతో నేర్చుకున్నవాళ్లు దాన్ని గట్టెక్కగలరా? ఇంకోటి, ఒకామె తన కథలో వడ్డీకి ఇచ్చినాయన పేరు చెప్పింది. ఆయన మా వీధిలోనే ఉంటాడు. నూటికి ఐదు అంట.

రిటైర్డ్_అయ్యవారు

పరీక్ష 150 మార్కులకు. చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానికి 50. చదవడంలో ఎప్పుడూ చూడని పేరా ఇస్తారు. పక్కామె కథ చదివే అలవాటున్నవాళ్లకు అది పెద్ద కష్టం కాదు. తన కథ దగ్గరే ఆగిపోయినవాళ్లు తడబడతారు. పరీక్షకు నెలరోజుల ముందు నుంచి వార్తాపత్రిక ముక్కలు చదివించు. పరీక్ష టెన్షన్‌తోనే వెనక్కు తగ్గేవాళ్లుంటారు, వాళ్లకు ఆ కాగితం ఎలా ఉంటుందో ముందే ఒకటి చూపించు.

గ్రూపు_పుస్తకం

వడ్డీ కథలో ఆ మనిషి పేరు తీసేయ్, వడ్డీ రేటు మాత్రం ఉంచు. నూటికి నెలకు ఐదు అంటే ఏడాదికి అరవై. ఇరవై వేలు తీసుకునుంటే ఏడాదికి పన్నెండు వేలు వడ్డీకే. ఈ లెక్క నువ్వు చెయ్యకు, ఆమె చేతే కాగితం మీద వేయించు. పక్కనే గ్రూపు లోను వడ్డీ ఎంతో పుస్తకం చూసి ఆమెనే రాయమను. లెక్కల 50 మార్కులకు అంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.